బడిపంతులు ఎంచిన ఆటగాళ్ళు: సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం

మన సంఘం సాంస్కృతికోత్సవాల సందర్భంగా వెలువడే ఈ ప్రత్యేక సంచికలో కవుల గురించి, వాగ్గేయకారుల గురించి, రంగస్థల నటుల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. రావలసిందే. ఈసారి మేము ఒక బడిపంతులు జీవితాన్ని చదువరుల ముందు ఉంచదలచాము. మా ఇంట మూడు తరాలుగా బడిపంతుళ్ళమే కనుక ఇది కులవృత్తిపై అభిమానమని ఎవరైనా అనుకుంటే మాకు అభ్యంతరం లేదు. కాని ఈ పంతులుగారు చేసిన పని సామాన్యమైనది కాదు. హైదరాబాదు బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆటలు నేర్పిన ఈయన, భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా క్రీడల్లో విజేతగా నిలిపారు. ఒకసారి ఒలింపిక్ సెమీఫైనల్ దాకా నడిపించారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వారందరికీ రహీం సాహెబు.

మనం బ్రతుకుతెరువుకు వచ్చి ఉంటున్న ఈ దీవిలో ఫుట్‌బాల్ అంటే ఎంత మక్కువో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి ముహర్రక్ క్లబ్బు 1928 నాటిది. 2011 జనవరిలో దోహాలో జరిగిన ఆసియా కప్ పోటీలో బహ్రెయిన్ జట్టు మన జట్టును 5-2 గోల్స్‌తో ఓడించింది. 2019 జనవరిలో షార్జాలో ఇక సమానంగా ముగుస్తుందనుకున్న ఆట చిట్టచివరి నిమిషాల్లో ఒక్క పెనాల్టీతో బహ్రెయిన్ పరమైంది. దానితో మనవాళ్ళు పోటీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. ఇటువంటి ఆటలు చూసి పెరిగిన మన పిల్లలకు, భారతదేశం ఒకప్పుడు ఆసియాలో అందరికన్న మిన్నగా ఫుట్‌బాల్ ఆడిందంటే నమ్మబుద్ధి కాదు. ఆడింది. ఆ జట్టును ఏరి కూర్చిన చేయి మన హైదరాబాదుది.

రహీంగారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ రోజుల్లోనే మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి కాచిగూడ మిడిల్ స్కూలులోను, చాదర్‌ఘాట్ హైస్కూలులోను, మరికొన్ని బడుల్లోను పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని బడి ఆటల బాధ్యత కూడా తలకెత్తుకున్నారు. 1940ల తొలినాళ్ళ నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఇక ఆ జట్టు ఆడింది ఆటగా సాగింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు హైదరాబాదు పోలీసులే ఇంటికి తెచ్చుకున్నారు. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు గెలిచారు. కలకత్తా పెద్ద క్లబ్బుల పేరు చెబితే దేశమంతా జంకే రోజుల్లో అవి మాటలు కావు.

ఇన్ని విజయాల వెనుక కిటుకు ఏమిటని అడిగితే, ఆటగాణ్ణి గుర్తించడంలోనే ఉన్నదని మా సమాధానం. గుర్తించడం అంటే ఎవరు బాగా ఆడుతున్నారో చూడటం కాదు. అది గట్టు మీద నిలబడి చూసే ప్రేక్షకుడికీ తెలుస్తుంది. నేడు ఆడుతున్న పిల్లవాడు రేపు ఇంతకన్న గట్టివాళ్ళ మధ్య నిలబడగలడా లేదా అని చెప్పగలగడం గుర్తించడం. ఇది చాలా కష్టమైన విద్య. బడిలో మేము వేసే మార్కులన్నీ నిన్నటి చదువుకు వేసేవి. రేపటి చదువుకు మార్కులు వేయగల పంతులు నూటికి ఒకరుంటే గొప్ప.

రహీంగారు ఇందుకు చేసిన ఏర్పాట్లు చాలా తేలికైనవి, కాని తెలివైనవి. హైదరాబాదు కుర్రవాళ్ళకు ఆయన రకరకాల పోటీలు పెట్టించేవారు. వాటిలో ఒకటి బంతిని కాలితో తిప్పుకుంటూ పోకూడదనే నియమం గల పోటీ. బంతి అందగానే ఇంకొకరికి అందించాలి, అంతే. గారడీవాడిలా నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకునే కుర్రవాడికి ఆ ఆటలో చోటు లేదు. బంతి తన దగ్గరకు రాకముందే ఎటు పంపాలో ఆలోచించుకున్నవాడే అందులో రాణిస్తాడు. మరొకటి, అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలి. ఎంతటి మొనగాడైనా ఆ రోజుకు మళ్ళీ అక్షరాలు దిద్దుకునే పిల్లవాడే. నలుగురిలో తప్పుతన్ను తన్ని, సిగ్గుపడకుండా మళ్ళీ తన్నేవాడు ఎవడో, అలిగి గట్టుమీద కూర్చునేవాడు ఎవడో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. ఈ పోటీలు ఆట నేర్పడానికి ఎంత పనికివస్తాయో, మనిషిని చదవడానికీ అంతే పనికివస్తాయని మాకు తోస్తుంది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీంగారి శిక్షణలో మన జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం గెలిచింది. ఆ గోల్ సాహు మేవాలాల్ చేసినది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోరంగా ఓడిపోయింది. చలిదేశంలో, తడి నేలమీద మన ఆటగాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఇక్కడ మరొకరైతే ఆటగాళ్ళ మీద నేరం మోపి చేతులు దులుపుకునేవారే. ఆ ఓటమి తరువాత మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీంగారు పాత వరుసలను వదిలి, ఐరోపా జట్ల కొత్త పద్ధతులను శ్రద్ధగా పరిశీలించి, క్రమంగా మన జట్టును 4-2-4 వరుసకు అలవాటు చేశారు. వరుస మారితే ఆటగాణ్ణి ఎంచే కొలత కూడా మారాలి. వెనుకటి వరుసలో పనికివచ్చినవాడు కొత్త వరుసలో పనికిరాకపోవచ్చు. ఎవరూ పట్టించుకోనివాడు అక్కరకు రావచ్చు.

అలా అక్కరకు వచ్చినవారిలో తులసీదాస్ బలరాం ఒకరు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పేదయింటి బిడ్డ. చిన్న పోటీల్లో ఆడుకుంటున్న ఆ కుర్రవాణ్ణి రహీంగారు చూసి శిక్షణకు రమ్మన్నారు. రోజూ నగరానికి వచ్చిపోయే స్తోమతు ఆ ఇంటికి లేదు. రహీంగారు ఆ ఇబ్బంది తెలుసుకుని సాయపడి రప్పించుకున్నారు. పిల్లవాడిలో సరుకు ఉందని కనిపెట్టి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఆ పిల్లవాడు మైదానానికి చేరే దారి కూడా చూడాలి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో బలరాం ఉన్నారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. నాలుగేళ్ళ తరువాత రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసినప్పుడు దేశమంతా తలచుకున్నది.

మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కరే మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ యుగోస్లావియా మీద తొలి గోల్ మనమే చేసినా చివరకు 1-4తో ఓడిపోయాం. బల్గేరియాతో మూడవ స్థానం ఆట కూడా పోయి నాలుగవ స్థానంతో తిరిగివచ్చాం. హెల్సింకీలో పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్ళకు అంత ఎత్తుకు ఎదిగింది.

1960లో రోమ్‌కు వెళ్ళిన జట్టులో రహీంగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. ఆ జట్టు హంగరీతో 1-2తో ఓడింది, ఫ్రాన్సుతో 1-1తో సమానంగా నిలిచింది, పెరూతో 1-3తో ఓడింది. ఈ మూడు ఆటల్లో దేనిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. శిక్షకుడు తండ్రే. దీనిమీద మేము ఎక్కువ వ్యాఖ్యానం చేయదలచుకోలేదు. సొంత బిడ్డ తరగతిలో కూర్చున్నప్పుడు పంతులు చేయి ఎంత బరువెక్కుతుందో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు. ఆ హకీంగారే తరువాతి కాలంలో అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడుగా పేరు తెచ్చుకుని 2021లో పరమపదించారు.

ఇప్పుడు ఒక ముఖ్య విషయానికి వస్తాము. మన పిల్లల్లో ఎవరైనా తాటిచెట్టంత ఎదిగితే చాలు, బంధువులంతా వాడి భవిష్యత్తు నిర్ణయించేస్తారు. బాస్కెట్‌బాల్ ఆడమంటారు. లేదా ఒళ్ళు పెరిగింది గాని బుద్ధి పెరగలేదని వెక్కిరిస్తారు. ఈ రెండు తీర్పులూ శరీరాన్ని చూసి చెప్పినవే, పిల్లవాణ్ణి చూసి చెప్పినవి కావు. మా సాయంత్రపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలు అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తుంటారు గనుక వారి నోట విన్న ముచ్చటే ఇక్కడ ఉదాహరణకు తీసుకుంటాము. ఆ దేశంలో వృత్తి జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను వంతుల ప్రకారం ఎంచుకుంటాయి. దానిని డ్రాఫ్టు అంటారు. చాలాకాలం ఆ ఎంపికంతా కాలేజీ కుర్రవాళ్ళ మీదే సాగింది. పెద్ద చిక్కంతా ఆజానుబాహువుల విషయంలోనే. కాలేజీలో తనకన్న పొట్టివాళ్ళ మధ్య నిలబడి సునాయాసంగా బంతిని బుట్టలో వేసినవాడు, అందరూ తనంత ఎత్తే ఉన్నచోట ఏం చేస్తాడు? ఎత్తు అనే వరం అక్కడ చెల్లదు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. అప్పుడు మిగిలేవి పాదాల చురుకు, చేతుల మెత్తదనం, దెబ్బ తట్టుకునే కీళ్ళు, కొత్తది నేర్చుకునే మనసు.

1984లో జరిగిన డ్రాఫ్టు ఇందుకు పెద్ద నిదర్శనం. మొదటి వంతు హ్యూస్టన్ జట్టుది. వారు ఎంచుకున్నది ఏడడుగుల హకీం ఒలాజువాన్‌ను. నైజీరియాలోని లాగోస్‌లో చిన్నతనంలో ఫుట్‌బాల్ గోల్‌కీపరుగా, హాండ్‌బాల్ ఆటగాడుగా పెరిగిన మనిషి. బాస్కెట్‌బాల్ చేతపట్టింది ఆలస్యంగానే. ఆ ఫుట్‌బాల్ పాదాలే ఆయనను అంత ఎత్తు మనుషుల్లో అందరికన్న చురుకైనవాడిగా నిలిపాయి. 1994, 1995 సంవత్సరాల్లో తన జట్టుకు రెండు కిరీటాలు తెచ్చారు. రెండవ వంతు పోర్ట్‌లండ్ జట్టుది. వారికి పొడుగుమనిషి అవసరమని 7 అడుగుల 1 అంగుళం ఎత్తున్న సాం బోవీని తీసుకున్నారు. కాలి ఎముక విరిగి కాలేజీలోనే రెండు సీజన్లు ఆటకు దూరమైన బోవీని ఆ తరువాత కూడా గాయాలు వదలలేదు. మూడవ వంతులో షికాగో జట్టుకు మిగిలినవాడు మైకేల్ జోర్డాన్. బోవీ చేతగాని ఆటగాడు కాదు, పాపం. ఎంచినవారు అవసరాన్ని చూశారు, ఎత్తును చూశారు. కాలు ఎంతకాలం మోస్తుందో తేల్చుకోలేకపోయారు.

అంతకు నలభై ఏళ్ళ ముందు సంగతి మరొకటి. 6 అడుగుల 10 అంగుళాల జార్జి మైకన్ అనే కళ్ళద్దాల కుర్రవాణ్ణి అంత పొడుగువాడు చురుగ్గా కదలలేడని అనుకునేవారు. షికాగోలోని డిపాల్ కాలేజీ శిక్షకుడు రే మేయర్ అతనిచేత తాడాట ఆడించాడు, నాట్యం నేర్పించాడు. పాదాలు దారికి వచ్చాయి. ఆ మైకన్ వృత్తి ఆటలో మినియాపొలిస్ జట్టుకు ఐదుసార్లు విజయం చేకూర్చి, అతన్ని అడ్డుకోవడానికి బుట్ట కింది గీతలనే వెడల్పు చేయవలసినంతటి వాడయ్యాడు. ఎంచడం ఒక ఎత్తు, ఎంచినవాణ్ణి దిద్దడం ఒక ఎత్తు. ఈ రెండూ ఒకే మనిషిలో కుదిరినప్పుడే జట్టు నిలబడుతుంది. మన రహీంగారిలో అవి రెండూ కుదిరాయి. అది 1962లో జకార్తాలో లోకానికి తెలిసింది.

ఆ జట్టులో ఇద్దరు ఆజానుబాహువులు ఉన్నారు. ఒకరు పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదులో పుట్టి సైన్యంలో చేరారు. మొదట సెంటర్ ఫార్వర్డుగా ఆడేవారు. సైన్యంలోనే గోల్‌కీపరుగా మారారు. ఆ మార్పు రహీంగారు చేసినది కాదు, కాని అంత ఎత్తు మనిషిని ఏ రోజు ఎవరిమీద నిలబెట్టాలో తెలిసినవారు ఆయన. రెండవవారు జర్నైల్ సింగ్. పంజాబులోని మాహిల్‌పూర్ ఖాల్సా కాలేజీలో ఆడి, కలకత్తా మోహన్ బగాన్ క్లబ్బుకు చేరిన దృఢకాయుడు. రక్షణ వరుస నడుమ కోటగోడలా నిలిచే స్టాపర్. ఆయనను దాటుకుని పోవడం ఎవరి తరమూ కాదని పేరు.

జకార్తాలో తొలి ఆటలోనే మనం దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచాం. థాయిలాండుతో ఆటలో జర్నైల్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తంగరాజ్ జ్వరపడ్డారు. ఇది చాలదన్నట్టు, ఇజ్రాయిల్‌కు, తైవాన్‌కు ప్రవేశం లేకుండా చేశారని ఒలింపిక్ సంఘ సభ్యులైన భారతీయుడు గురుదత్ సోంధి అభ్యంతరం తెలపడంతో ఆ ఊరి ప్రజలు మనవారి మీద మండిపడుతున్నారు. అటువంటి స్థితిలో దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్. తలకు కుట్లు పడిన స్టాపరును కూర్చోబెట్టాలి, లేదా పాత చోటనే నిలబెట్టాలి. ఎవరికైనా తోచేవి ఈ రెండు దారులే. రహీంగారు మూడవ దారి తొక్కారు. జర్నైల్‌ను ముందుకు జరిపి సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు. వెనుక ఆయన చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. జర్నైల్ గోల్ చేశారు. ఆట 3-2తో మనది.

1962 సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ అదే దక్షిణ కొరియా. దాదాపు లక్షమంది ప్రేక్షకులు, అందులో మనకు అనుకూలురు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. జర్నైల్‌ను ముందు వరుసలోనే ఉంచారు. కోలుకున్న తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. 17వ నిమిషంలో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోల్ చేశారు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ మరొకటి చేశారు. చివరలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా 2-1తో స్వర్ణం మనకే దక్కింది.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దల సామెత. తల్లిదండ్రులు మా దగ్గర తరచూ వాడే సామెత కూడా ఇదే. రహీంగారు జకార్తాలో మానునే వంచారు. అయితే బలవంతాన వంచలేదు. ఆ మానులో ఎటు వంగే గుణం ఉన్నదో ముందే చూసి పెట్టుకున్నారు. శరీరం ఒక సామగ్రి మాత్రమే, అది తీర్పు కాదు. గోడగా పనికివచ్చిన ఒళ్ళే అవసరమైతే గోడను కూల్చడానికీ పనికివస్తుంది. ఆ సంగతి కనిపెట్టాలంటే మనిషిని అన్ని వేళలా చూస్తూ ఉండాలి. ఒక్క పరీక్ష పెట్టి చీటీ వ్రాసి ఇచ్చేవారికి ఇది చిక్కదు.

అప్పటికే రహీంగారి ఆరోగ్యం చెడింది. కాన్సర్ వ్యాధి లోపల తినేస్తున్నది. జకార్తా నుండి వచ్చిన తరువాత సంవత్సరమైనా గడవకుండానే 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. వయస్సు 53 ఏళ్ళు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు. 2024లో ఆయన జీవితం ఆధారంగా హిందీలో మైదాన్ అనే చిత్రం వచ్చిన తరువాతనే చాలామంది తెలుగు పిల్లలు ఆయన పేరు విన్నారు. 1970లో బాంకాక్‌లో ఒక కాంస్యం తప్ప, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ పతకం రాలేదు. రోమ్ తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు మన జట్టు అర్హత పొందలేదు. ఒక్క మనిషి పోతే ఆటే పోతుందా అని అడగవచ్చు. ఆట పోలేదు, ఆడేవారూ పోలేదు. వీధివీధినా తిరిగి పిల్లలను చూసి, చూసినవారిని దిద్ది, దిద్దినవారిని తగిన చోట నిలబెట్టే ఓపిక కరువైందని మా అభిప్రాయం.

ప్రవాసంలో ఉన్న తల్లిదండ్రులకు ఈ జీవితం చెప్పే మాట ఒకటి ఉన్నది. ఇక్కడ మన ఉద్యోగాలు నిలకడ లేనివి. పిల్లవాడు దేనికి పనికివస్తాడో త్వరగా తేల్చుకోవాలని అందరికీ తొందర. లెక్కల్లో ఒకసారి తక్కువ వస్తే లెక్కలు రావని, ఒత్తులు పలకకపోతే తెలుగు రాదని, ఎత్తుగా ఉంటే ఆటలకే పనికివస్తాడని ముద్ర వేస్తాము. ఆ ముద్ర పిల్లవాడి నుదుట జీవితాంతం ఉండిపోతుంది. పదేళ్ళవాడి మీద తీర్పు చెప్పడానికి మనకంత తొందర ఎందుకు? రహీంగారు ఎంచినవారిలో ఆజానుబాహువులున్నారు, అమ్ముగూడ పేదపిల్లవాడున్నాడు, సొంత కొడుకున్నాడు. ఆయన చూసినది ఒక్కటే: ఇంకా గట్టి ఆటలో వీడు ఏ చోట నిలబడితే జట్టుకు మేలు అని.

ఈ ఉత్సవాల్లో పిల్లలకు ఆటల పోటీలు పెట్టే కార్యకర్తలకు మా మనవి ఒకటి. ఒక్క ఆటైనా అలవాటు లేని కాలితో ఆడించండి. బహుమతి ఎవరికి వచ్చినా సరే, గట్టుమీద కూర్చున్న పెద్దలు మాత్రం గోల్స్ లెక్కపెట్టకుండా, తప్పుతన్ను తన్నిన తరువాత పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి. రహీం సాహెబు స్మృతికి అంతకు మించిన నివాళి మాకు తోచడం లేదు.